ఉప్పులో దాచిన కారు

మా ఇంట్లో ఏడాదికి సరిపడే చింతపండు వేసవిలోనే కుండలకెత్తేవాళ్లం. పెంకు కొట్టి, ఈనెలు లాగి, గింజ తీసి, ఎండలో ఆరనిచ్చి, కల్లుప్పు వేసి పిసికి, ముద్దలు చేసి కుండలో అదిమేవాళ్లం. మూతికి పాతగుడ్డ కట్టి పేడ కలిపిన మట్టితో మెత్తేవాళ్లం. కుండలన్నీ వంటింటి వెనక చీకటికొట్టులో గోడవారగా వరసలో ఉండేవి. ముందుది అడుగంటితే తప్ప వెనకదాని మూతి విప్పకూడదు. అది నేను పెట్టిన కట్టు. వానలను నమ్ముకోలేని ఊళ్లలో కాపురం చేసేవాళ్లకు అట్లాంటి కట్టు లేకపోతే, మళ్లీ చింతకాయ పండేలోపల పొరుగింటికి గిన్నె పట్టుకుని పోవాల్సి వస్తుంది.

ఆ కట్టు ఎంత గట్టిదో ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది నా కోడలికి. చివరి కుండ జోలికి సంవత్సరం తిరిగేదాకా ఎవరూ పోరని దానికి తెలుసు. అందుకే బిడ్డ బొమ్మకారును అందులో దాచింది.

అప్పుడు మా తర్లుపాడు చుట్టుపక్కల ఊళ్లు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. కర్నూలే రాజధాని అయింది. అక్కడ గుడారాలు వేసి ఆఫీసులు నడుపుతున్నారని చెప్పుకునేవాళ్లు. నాకు ఒక్కడే కొడుకు. మార్కాపురంలో ఒక పలకల లారీ మీద క్లీనరుగా ఉండేవాడు. పలకలు ఎత్తుకుని గిద్దలూరు మీదుగా కొండదారిన నంద్యాల, కర్నూలు పోయి వచ్చేవాళ్లు. మా ఇల్లు ఆ రోడ్డు పక్కనే. లారీ మా ఇంటిముందు నుంచే పోవాలి, మా ఇంటిముందు నుంచే రావాలి. వచ్చేటప్పుడు డ్రైవరు హారను కొట్టేవాడు, నా కొడుకు దిగేవాడు. వాడి భార్య నా అన్న కూతురే. నా చేతుల్లో పెరిగిన పిల్ల. వాళ్లకు ఒక్కడే మగబిడ్డ.

ఆ కారు నా కొడుకు కర్నూలు బజారులో కొని తెచ్చాడు. నా అరచేయంత ఉండేది. పైన ఎర్రరంగు వేసిన రేకు, అడుగున ఇంకొక రేకు, నాలుగు పోత చక్రాలు, వాటికి రెండు సన్నని ఇరుసులు, లోపల చుట్టచుట్టుకుని స్ప్రింగు. పక్కన చిన్న కీ. కీ తిప్పి నేలమీద వదిలితే గరగరమని పోయేది. ఆ డబ్బుకు ఇంటికి ఒక ఇత్తడి చెంబు వచ్చేది కదా అని నేను తిట్టాను. నా కొడుకు నవ్వి, చెంబు గరగరమంటుందా అమ్మా అన్నాడు. మనవడు దాన్ని పక్కలో పెట్టుకునే నిద్రపోయేవాడు. అన్నం తినేటప్పుడు కంచం పక్కన ఉండాల్సిందే. వాళ్ల నాయన లారీ వెళ్లినప్పుడల్లా వీడు దాన్ని తీసుకుని గడపదాకా పోయి, నేను కూడా కర్నూలు పోతుండా అనేవాడు.

ఐదో ఏట వేసవిలో, చివరి కుండకు ఇంకా మూతి మెత్తకముందే, వాడికి తట్టు పోసింది. మా వీధిలో చాలామంది పిల్లలకు పోసింది, తేలిపోయింది. వీడికి లోపలికి దిగింది. వేపమండలు కట్టాం. తాలింపు వెయ్యలేదు, బట్ట ఉతకలేదు, చెయ్యవలసినవన్నీ చేశాం. మార్కాపురం నుంచి కాంపౌండరును పిలిపించాం. ఒకరోజు తెల్లవారుతుండగా వాళ్లమ్మ ఒళ్లోనే పోయాడు. నా కొడుకు అప్పుడు లారీ మీద ఉన్నాడు. పోయే ప్రతి లారీకీ, బస్సుకూ కబురు చెప్పి పంపాం. ఏ కబురూ వాడికి సమయానికి అందలేదు. వాడు వచ్చేసరికి మట్టి అయిపోయింది.

తట్టు పోసిన పిల్లల వస్తువులు ఇంట్లో ఉంచరు. మంచంమీది బొంత, కట్టిన గుడ్డలు, పట్టుకున్న ఆటవస్తువులు, తాగిన గ్లాసు, అన్నీ మూటకట్టి పొలిమేర దాటించాలి. పక్కింట్లో ఉయ్యాల్లో పిల్లలున్నారు. నేను దగ్గర నిలబడి మూట కట్టించాను. ఈరోజు అడిగినా కట్టించాల్సిందే అంటాను. కోడలు ఒక్కొక్కటే తెచ్చి ఇచ్చింది. నేను లెక్క చూడలేదు. ఇచ్చిన వాటిలో కారు లేదని నాకు తట్టలేదు.

నా కొడుకు వచ్చాక గడప దగ్గర కూర్చున్నాడు. వాడి కారు ఏది అని అడిగాడు. అన్నీ పంపించేశాం నాయనా అన్నాను. వాడు భార్య వైపు చూశాడు. అది తల వంచుకుంది. నా ముందు చెప్పలేకపోయింది. వాడికేమో అది కూడా ఒప్పుకునే పంపించేసిందనిపించింది. ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు. ఆ తర్వాత మార్కాపురంలో లారీ షెడ్డులోనే పడుకునేవాడు. ఇంటికి కావలసినవి ఎవరిచేతనో పంపేవాడు. లారీ మాత్రం మా ఇంటిముందు నుంచి పోతూనే ఉండేది, ఆగేది కాదు, హారను కూడా వినిపించేది కాదు. ఆ చప్పుడు వినగానే నా కోడలు చేస్తున్న పని ఆపేది. చప్పుడు దూరమయ్యాక మళ్లీ చేతులు కదిలించేది.

కొన్ని నెలలు అట్లా గడిచాక మా అన్న వచ్చాడు. కూతుర్ని కొన్నాళ్లు ఇంటికి తీసుకుపోతానన్నాడు. కొన్నాళ్లంటే ఏమిటో నాకు తెలుసు. బిడ్డలేని ఇంటికి, మొగుడు రాని ఇంటికి పుట్టింటినుంచి తిరిగి వచ్చిన పిల్లలు నాకు తెలిసి తక్కువ. వానలు తగ్గనీ, అప్పుడు చూద్దాం అని ఆపాను. కోడలు పోతాననలేదు, పోననలేదు. ఎటు చెబితే అటు అన్నట్టు ఉండేది.

ఆ వానల్లోనే చీకటికొట్టులో నేలమీద మరక కనిపించింది. వరసలో చివరి కుండ కింద తడి. ఉప్పు చెమర్చడం మామూలే, కానీ ఈ తడి ఎర్రగా ఉంది, ఇటుక కడిగిన నీళ్లలాగా. కుండ పగిలిందేమో, ఏడాది చింతపండు పోయిందేమో అనుకున్నాను. కుండను బయటికి లాగి మూతి పగలగొట్టాను. పైపండు నల్లగా ఉంది. నాలుక మీద పెట్టుకుంటే ఇనుము రుచి. చెయ్యి పెట్టి తవ్వితే గట్టిగా మూట తగిలింది. తీసి విప్పాను. నా కోడలి పాత రవిక ముక్క. లోపల కారు.

కారంటే కారు కాదు. ఎర్రరంగు పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. చింతపులుపు తగిలినచోట రేకు తెల్లగా బయటపడింది, ఉప్పుగడ్డ అంటుకున్నచోట చిల్లులు పడ్డాయి. చక్రాలు ఇరుసులకు బిగుసుకుపోయాయి. వేలితో తాకితే గోధుమరంగు పొడి రాలింది.

కోడల్ని పిలిచాను. కోపంగానే పిలిచాను. కుండ చింతపండు పాడైందన్న కోపం అది, దాచి చెప్పడం నాకెందుకు.

"ఇదేందే?" అన్నాను.

అది చూసింది. ముందు దాని ముఖంలో భయం కనిపించింది. తర్వాత చెయ్యి చాపి కారు తీసుకుంది. తిప్పి చూసి, చక్రం కదపబోయింది. కదల్లేదు.

"ఉప్పులో ఏదీ చెడదు కదత్తా," అంది. "మాంసం చెడదు, మామిడికాయ చెడదు, చింతపండు చెడదు. ఇదీ చెడదనుకున్నా."

మా ఇంట్లో దానికి నేర్పింది నేనే కదా. వేసవిలో ఉప్పు వేసి ఎండబెట్టని వస్తువు లేదు మా ఇంట్లో. ఏడాది నిలవుండాలంటే ఉప్పు. పురుగు పట్టకూడదంటే ఉప్పు. ఇనుముకు ఉప్పు ఏం చేస్తుందో ఆ పిల్లకు ఎవరు చెప్పారు? అది అక్కడే కొట్టు గడపమీద కూర్చుని ఏడ్చింది. బిడ్డ పోయినప్పుడు అది గొంతు ఎత్తి ఏడవలేదు, నేను చూశాను. అప్పుడు రానిది ఇప్పుడు వచ్చింది. నేను ఏడవనిచ్చాను. చింతపండు సంగతి మళ్లీ ఎత్తలేదు. నల్లబడ్డ పండును వేరే చట్టిలోకి తీసి పెట్టాను, ఇత్తడి తోముకోవచ్చని.

మర్నాడు వంటయ్యాక కారును కడగడానికి కూర్చుంది. ఏంచేస్తావే అని అడిగితే, శుభ్రం చేస్తానంది. ఇంట్లో ఉంచరాని వస్తువని నాకు ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. నెలల తరబడి ఇంట్లోనే ఉందది. పక్కింటి పిల్లలు ఉయ్యాల దిగి నడుస్తున్నారు. పోయి పక్కన కూర్చున్నాను.

మొదట ఇత్తడికి చేసే పని ఇనుముకు చేశాం. చింతపండు, బూడిద వేసి కొబ్బరిపీచుతో తోమాం. తుప్పు పోయి రేకు తెల్లగా మెరిసింది. కోడలి ముఖం కూడా కొంచెం తేటపడింది. నీళ్లతో కడిగి ఆరడానికి పిట్టగోడమీద పెట్టింది. పొద్దు వాలేసరికి దానిమీద పసుపు చల్లినట్టు మళ్లీ తుప్పు లేచింది.

"మళ్లీ వచ్చిందత్తా," అంది కోడలు. పిల్లవాడికి పొక్కులు కనిపించిన రోజు ఎట్లా అందో అట్లాగే అంది. నేను వినలేకపోయాను.

అప్పుడు నా కొడుకు లారీ సామాను కడగడం గుర్తొచ్చింది. వాడు ఇనుపసామాను నీళ్లతో కడిగేవాడు కాదు. విప్పి విడివిడిగా కిరసనాయిల్లో నానేసేవాడు. కిరసనాయిలు దీపానికి కూడా నేను కొలిచి పోసేదాన్ని. ఆరోజు ఒక మూకుట్లో పోశాను. కోడలు నా వైపు చూసి, ఇంత ఎందుకత్తా అంది. మునగాల కదా, మునగకపోతే ఎట్ల అన్నాను.

విప్పడం కష్టమైంది. పై రేకును అడుగు రేకుకు చిన్న నాలుకల్లాంటి రేకు కొసలు వంచి పట్టించి ఉన్నారు. బలంగా ఎత్తితే విరిగిపోతాయి. ఒక్కొక్క కొసకూ కిరసనాయిలు బొట్టు వేసి, నాననిచ్చి, కత్తిమొనతో కొంచెం కొంచెంగా లేపాం. అడుగు రేకు ఊడేసరికి లోపల స్ప్రింగు లేదు. ఆ చోట పొరలు పొరలుగా గోధుమరంగు మట్టి ఉంది. ముట్టుకుంటే వేలికి అంటుకుంది. కోడలు దాన్ని చాలాసేపు చూసింది.

"ఇంక గరగరమనదు," అంది.

అది ఆ పొడిని ఒక కాగితంలోకి దులుపుకుని పొట్లం కట్టి ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. తుప్పును దాచుకునేవాళ్లను నేను అంతవరకూ చూడలేదు. మామూలు రోజుల్లో అయితే పారెయ్యమనేదాన్ని.

ఆ తర్వాత రోజూ వంటలు, గొడ్ల పని అయ్యాక మధ్యాహ్నం పూట ఇద్దరం చేట ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లం. మా వైపు పలకల పనివాళ్లు పారేసే ముక్కలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. వాటిని రోట్లో దంచి, గుడ్డలో జల్లిస్తే పిండిలాంటి పొడి వస్తుంది. నూనెగుడ్డకు ఆ పొడి అద్ది రుద్దితే తుప్పు పోతుంది, రేకుమీద గీత పడదు. ఇసుకతో రుద్దితే గీతలు పడ్డాయి, చూసి మానుకున్నాం. ఇరుసు దూరే చిల్లుల్లో తుప్పు దిగి గట్టిపడింది. దానికి తుమ్మముల్లు. ముల్లు మొన అరిగితే కొత్త ముల్లు. రుద్దిన ముక్కను పొయ్యి గడ్డమీద వెచ్చగా ఆరబెట్టి, కోడి ఈకతో ఆముదం పూసేవాళ్లం. పూయకుండా ఒక్కపూట వదిలినా మళ్లీ తుప్పు వచ్చేది.

పని చేస్తూ కోడలు మాట్లాడడం మొదలుపెట్టింది. పెద్ద మాటలేమీ కావు. ఈ మూల వాడు నోట్లో పెట్టుకునేవాడు, ఈ తలుపు తెరుచుకోదని ఏడ్చేవాడు, ఇందులో డ్రైవరు లేడేంది అని అడిగేవాడు. నేను ఊఁ కొట్టేదాన్ని. ఇంట్లో వాడి ఊసు ఎత్తకూడదని ఎవరూ అనలేదు, కానీ అన్ని నెలలూ ఎవరూ ఎత్తలేదు.

పక్కింటామె ఒకరోజు గోడమీదుగా తొంగిచూసింది.

"ఏందక్కా, అత్తా కోడళ్లు ఏడువారాల నగలకు మెరుగు పెడుతుండారా?"

"అవును, నీ గాజులు కూడా పట్టుకురా," అన్నాను. "కిరసనాయిలు మాత్రం నీదే."

కోడలు నవ్వింది. ఆముదం చేత్తో మూతి తుడుచుకుంది, చెంపమీద నల్లగా మరక పడింది. పక్కింటామె చేటలో ఏముందో చూసి, ఇంకేమీ అనకుండా లోపలికి పోయింది.

నేను చెప్పినట్టే వానలు తగ్గాక మా అన్న వచ్చాడు. బండి కట్టుకుని వచ్చాడు. కోడలు లేవలేదు.

"పని ఉండాది నాయనా," అంది.

"ఇదేం పనమ్మా?"

"చక్రాలు తిరగాల."

మా అన్న నా వైపు చూశాడు. బిడ్డకు మతి చలించిందేమో అన్న భయం ఆయన కళ్లలో కనిపించింది. పండగ పోనీలే అన్నా, అన్నాను. మజ్జిగ తాగి ఎడ్లను తిప్పుకుని పోయాడు. కానీ ఆయన మళ్లీ వస్తాడు. ఈసారి పని ఉండాదంటే వినడు. ఆ సంగతి నాకూ తెలుసు, కోడలికీ తెలుసు.

అప్పటికి మూడు చక్రాలు తిరుగుతున్నాయి. ముందరి ఎడమ చక్రం మాత్రం ఇరుసుకు అతుక్కునే ఉంది. కిరసనాయిల్లో ఎన్నాళ్లు నానేసినా కదల్లేదు. కోడలు గట్టిగా తిప్పుతుంటే విరుగుతుందని చేతిలోంచి తీసేసుకున్నాను. అది మా చేతిలో అయ్యే పని కాదు.

మా ఊరి చివర రోడ్డు పక్కన ఒక బావి ఉంది. గిద్దలూరు వైపు పోయే లారీలు అక్కడ ఆగి ఇంజనుకు నీళ్లు పోసుకునేవి. నీళ్లు తోడేది క్లీనరే. ఒకరోజు పొద్దున్నే పోయి ఆ బావి గట్టుమీద కూర్చున్నాను. ఒకటి రెండు లారీలు వచ్చిపోయాక నా కొడుకు లారీ వచ్చింది. వాడు బకెట్టు పట్టుకుని వచ్చి నన్ను చూసి నిలబడిపోయాడు. మనిషి సగమైపోయాడు. గడ్డం పెరిగింది.

"ఏందమ్మా, ఇక్కడ కూర్చున్నావు?"

"ముందు నీళ్లు తోడుకో."

తోడుకున్నాడు. పోసి వచ్చాడు. నా దగ్గరికి వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు.

"కారు దొరికింది," అన్నాను.

"పంపించేసినామంటివి కదా."

"నేను పంపించమన్న. నీ పెండ్లాం దాచింది. నాకు తెలీకుండా చింతపండు కుండలో దాచింది. ఉప్పు తినేసింది. ఇన్నాళ్లనుంచీ కూర్చొని తుప్పు గీకుతుండాది. ఒక చక్రం తిరగడంలా. అది నీ చేతి పని."

వాడు బకెట్టు తాడు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

"లోడు ఉండాదమ్మా."

"పలకలే కదా, పులిసిపోవడానికి పాలు కావు."

లారీలోంచి డ్రైవరు విన్నాడు. నా కొడుకు కంటే పెద్దవాడు. వేపచెట్టు నీడలోకి బండి తీసి, పోయిరా అబ్బాయ్, నేనొక కునుకు తీస్తా అన్నాడు. నేను ముందు నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. వాడి చెప్పుల చప్పుడు వినిపిస్తూ ఉంది.

కోడలు చేట ముందే ఉంది. వాడిని చూసి లేవబోయి, లేవలేక అట్లాగే కూర్చుంది. వాడు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చేటలో ముక్కలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. పై రేకు, అడుగు రేకు, కీ, చక్రాలు, ఇరుసులు. రంగు ఎక్కడా లేదు. అంతా తెల్లటి రేకు, చిల్లులు. వాడు ఒక్కొక్కటి ఎత్తి చూసి పెట్టాడు.

"కిరసనాయిల్లో వెయ్యమని ఎవరు చెప్పినారు?" అన్నాడు.

"నువ్వు చేస్తుంటే చూసినాం," అంది కోడలు.

తిరగని చక్రం తీసుకుని వెలుగుకు పట్టి చూశాడు. చక్రం బాగానే ఉండాది, ఇరుసే ఉబ్బి బిగుసుకుంది అన్నాడు. రాతిమీద పెట్టి చిన్న మేకుతో మెల్లగా కొట్టి ఇరుసును బయటికి తీశాడు. అది చేతిలోనే రెండు ముక్కలైంది. పోనీలే, ఇంకొకటి వేద్దాం అన్నాడు వాడు. తర్వాత నూనెగుడ్డ తీసుకుని పై రేకును తుడవడం మొదలుపెట్టాడు. దానిమీద తుడవడానికి ఏమీ లేదు. మేము తుడిచిందే. అయినా తుడుస్తూనే ఉన్నాడు. కోడలు పలకపొడి ముందుకు జరిపింది. వాడు అద్దుకున్నాడు.

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వాడు తల ఎత్తకుండానే అడిగాడు.

"నన్ను అడిగినాడా?"

అడిగాడని చెప్పు తల్లీ అని నేను లోపల అనుకున్నాను. ఆ అబద్ధం ఎవరినీ చెడగొట్టదు.

"అడగలేదు బావా," అంది. "రోడ్డుమీద ఏ లారీ పోయినా నాయన వచ్చినాడు అనేవాడు. రాత్రంతా లారీలే కదా. కండ్లు తెరిచేవాడు కాదు. నువ్వు వచ్చినావనే అనుకున్నాడు. ఇంట్లోనే ఉండావనుకున్నాడు. అందుకే అడగలేదు."

వాడి చేతులు ఆగిపోయాయి. గుడ్డ మోకాళ్లమధ్య పడింది. కోడలు చెబుతూ పోయింది. ఏ పూట ఏం తాగాడో, ఏ పక్కకు ఒత్తిగిలి పడుకున్నాడో, కారు చేతిలో పెడితే వేళ్లు మూసుకోలేదని, తనే వేళ్లు మూసి పట్టుకున్నానని, పోయాక ఆ వేళ్లలోంచే కారు తీసి కొంగులో కట్టుకున్నానని. నేను కూడా ఆ మాటలు అప్పుడే విన్నాను. గొడ్లకు నీళ్లు పెట్టాలని లేచి దొడ్లోకి పోయాను. నీళ్లు అంతకుముందే పెట్టి ఉన్నాయి. తొట్టి పక్కన నిలబడ్డాను. లోపల నా కొడుకు ఏడుపు వినిపించింది. పెద్ద మగవాడు ఏడిస్తే ఎట్లా ఉంటుందో వాళ్ల నాయన పోయినప్పుడు కూడా నేను వినలేదు.

వాడు పోయేటప్పుడు విరిగిన ఇరుసు ముక్కలు చొక్కా జేబులో వేసుకున్నాడు, కొలతకని. వచ్చే లోడుకు వస్తానని నాతో చెప్పలేదు, దానితో చెప్పాడు.

వచ్చాడు. ఇంటిముందు హారను మోగింది. జేబులోంచి సైకిలు చక్రం పుల్ల ఒకటి తీశాడు. గిద్దలూరులో ఒక సైకిలు షాపులో అడిగి తెచ్చుకున్నానన్నాడు. పాత ఇరుసు పక్కన పెట్టి కొలత చూసి, కోసి, రాతిమీద కొసలు నూరాడు. కోడలు చక్రాలకు ఆముదం పూసి అందించింది. ఇరుసు దూర్చి కొసలు నొక్కాడు. పై రేకూ అడుగు రేకూ కలిపి నాలుకలు వంచేటప్పుడు ఒకటి విరిగింది, మిగతావి పట్టాయి. ఇంత పని చేస్తుంటే ఇద్దరూ ఒకరితో ఒకరు నాలుగు మాటలు మాట్లాడుకున్నారేమో. అది పట్టు, ఇటు తిప్పు, ఇంకొంచెం, చాలు.

వాడు కారును నేలమీద పెట్టాడు. మా ఇంటి నేల కడిగిన నీళ్లు బయటికి పోయేటట్టు గడప వైపు వాలుగా ఉంటుంది. ఎవరూ తొయ్యకుండానే కారు కదిలింది. చప్పుడు లేదు. చాలా మెల్లగా పోయింది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి. పోయి గడపకు తగిలి ఆగింది. అక్కడ కూర్చుని దాన్ని అందుకుని మళ్లీ ఇటు తిప్పేవాళ్లు ఎవరూ లేరు. మేము ముగ్గురమూ దాన్నే చూస్తూ ఉండిపోయాం.

కోడలు లేచింది.

"చేతులు కడుక్కో బావా," అంది. "అన్నం పెడతా."